పాపాయి పూతరేపులు

పాపాయికి పేరు మాత్రమే పాపాయి. వయసు నలభై తొమ్మిది. ఆత్రేయపురంలో వాళ్ల వీధిలో పూతరేకుల రేకులు తీసే కుండ లేని ఇల్లు లేదు గానీ, పాపాయి తీసిన రేకుని కళ్లకి అడ్డం పెట్టుకుంటే అవతల గోడ మీద క్యాలెండరులో తిథి చదవొచ్చని చెప్పుకుంటారు. అలాంటి పాపాయి నిన్న పెరట్లో నాచు మీద జారి కుడి మణికట్టు బెణికించుకుంది. కట్టు కట్టిన డాక్టరుగారు పది రోజులు చెయ్యి కదపొద్దన్నారు.

అందుకని ఇవాళ కుండ ముందు దుర్గాశ్రీ కూర్చుంది.

దుర్గాశ్రీ పాపాయి కూతురు. ఆ ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి. ఆపైన బీఈడీ కూడా చేసి, టీచరు పోస్టుకి పరీక్ష రాసింది. పోయినసారి మార్కున్నరలో పోయింది. ఈసారి ఫలితాలు ఇవాళో రేపో అంటున్నారు. ఈ ఇవాళో రేపో పదిహేను రోజులుగా నడుస్తోంది.

సాయంత్రం నాలుగింటికి రాజమండ్రి నుంచి చంద్రరావు గారు వస్తారు. రేపు వాళ్లమ్మాయి నిశ్చితార్థం. వంద పూతరేకులు కావాలి. ఒక్కోదానికి రెండేసి చొప్పున రెండు వందల రేకులు తీయాలి. ముహూర్తాల రోజులు కావడంతో వీధిలో ఏ కుండా ఖాళీగా లేదు.

"ఫోన్ చేసి కుదరదని చెప్పేద్దామమ్మా," అంది దుర్గాశ్రీ పొద్దున్నే.

"ఆయన పెళ్లికి కూడా నా చేతి రేకులే వెళ్లాయి. చెయ్యి బెణికింది గానీ మాట బెణకలేదు కదే. కూర్చో."

కుండ బోర్లించి ఉంది. కింద ఎండు కొబ్బరాకు మండుతోంది. దుర్గాశ్రీ పల్చటి బట్టని బియ్యప్పిండి నీళ్లలో ముంచి, రెండు చేతులతో పరిచి, కుండ మీదుగా లాగింది. రేకు సగం దాకా వచ్చి చిరిగింది.

"మొదటి రేకు భీమేశ్వరుడిది. ఎలా ఉన్నా ఆయనేం అనుకోడు," అంటూ పాపాయి ఎడం చేత్తో దాన్ని తీసి ద్రాక్షారామం స్వామి పటం ముందు పెట్టింది.

రెండోదీ చిరిగింది.

"ఇది కూడా ఆయనదేనా?"

"కాదు. ఇది నీ ఫోనుది."

నిజమే. ఫోను మోకాలి పక్కనే ఉంది. బట్ట లాగుతున్నంతసేపూ దుర్గాశ్రీ చూపు అటే పోతోంది. రేకు తయారవడానికి ఊపిరి పీల్చి వదిలినంత సేపు చాలు. ఆ కాస్తలో కన్ను పక్కకి తిరిగిందంటే అంచు మాడి విరిగిపోతుంది. అలా విరిగినవి పది దాకా పోగయ్యాయి.

మడతలు పెట్టడానికొచ్చిన పక్కింటి కన్యక నెయ్యి గిన్నె ముందు చేతులు కట్టుకుని కూర్చుంది. "అక్కా, నేను ఇంటికెళ్లి అన్నం వండుకుని రానా? రేకు దిగేలా లేదు," అంది పాపాయితో.

"రిజల్ట్ రాకపోతే రేపు ఏం చెయ్యాలో తెలీట్లేదు పిన్నీ," అంది దుర్గాశ్రీ. "మళ్లీ కోచింగా? ఇంకో నోటిఫికేషన్ ఎప్పుడు పడుతుందో. రేపు నా వయసు దాటిపోతే? రేపు..."

"పొద్దున్నించీ రేపు, రేపు, రేపు," అంది పాపాయి. "కుండ మీద వెయ్యాల్సింది రేపుని కాదే, రేకుని."

కన్యక ఫక్కున నవ్వింది. దుర్గాశ్రీకి మాత్రం ఒళ్లు మండింది. "నీకేం, నీకు బెంగలు లేవు."

"నాకెందుకు లేవూ? నువ్వు కాలేజీలో ఉన్నప్పుడు, పోయిన వానల్లో ఇల్లు కారినప్పుడు, బోలెడు పడ్డాను. కానీ బెంగపడ్డానికి కూడా చెయ్యి ఖాళీ ఉండాలి. ఈ రేకు నాది, తర్వాతి రేకు ఆ స్వామిది అనుకునేదాన్ని. తర్వాతిది నా దగ్గరికొచ్చాక, అదీ నాదే అనుకునేదాన్ని." పాపాయి వంగి ఫోను తీసుకుని బియ్యం డబ్బాలో పెట్టి మూతేసింది. "అక్కడ ఎవరూ ఎత్తుకుపోరు."

దుర్గాశ్రీ కాసేపు డబ్బా వైపే చూసింది. తర్వాత బట్ట ముంచింది.

ఒక రేకు నిలిచింది. దాని వెనక ఇంకొకటి. మధ్యలో మళ్లీ మార్కున్నర గుర్తొచ్చి ఒకటి చిరిగింది. పాపాయి కొబ్బరాకు ఎగదోసింది. ముంచడం, పరచడం, లాగడం, అంచు పట్టి ఎత్తడం. ఎప్పుడు మధ్యాహ్నమైందో దుర్గాశ్రీకి తెలియలేదు. పిండి అడుగున పేరుకుంటుంటే కలుపుకోవాలని తనకే తట్టింది. చిన్నప్పుడు అమ్మ ఒళ్లో కూర్చుని చూసిందంతా వేళ్లకి ఒక్కొక్కటిగా గుర్తొస్తోంది. నూటయాభయ్యో రేకు ఎత్తి పట్టుకుంటే, అవతల అమ్మ చేతికట్టు మీద గళ్లు కూడా కనిపించాయి.

"తిథి కనపడుతోందా?" అంది పాపాయి.

"కనపడ్డం లేదు. నీ కట్టు మాసిందని మాత్రం తెలుస్తోంది."

మూడున్నరకి రెండు వందలూ పూర్తయ్యాయి. కన్యక బెల్లం, నెయ్యి వేసి మడిచి పదేసి చొప్పున పెట్టెల్లో సర్ది, దుర్గాశ్రీ నిన్న ఫోనులో టైపు చేసి అచ్చు వేయించిన లేబుళ్లు అంటించింది. వాటిని చదివి చూసే తీరిక ఎవరికీ లేదు.

నాలుగింటికి చంద్రరావు గారు కారు దిగారు. పెట్టె తెరిచి ఒకటి నోట్లో వేసుకుని కళ్లు మూసుకున్నారు. "చేతికి దెబ్బ తగిలిందన్నారు. అదే రుచి కదండీ పాపాయిగారూ. ఎవరు తీశారు?"

"మా అమ్మాయండి. టీచరమ్మ."

"ఇంకా కాలేదండి," అని గొణిగింది దుర్గాశ్రీ.

చంద్రరావు గారు మూత పెట్టి లేబులు దగ్గరగా పట్టుకుని, కూడబలుక్కుని చదివారు. "పాపాయి... పూతరేపులు."

దుర్గాశ్రీ ఒక్క అంగలో వచ్చి పెట్టె చూసింది. పది పెట్టెల మీదా పూతరేపులే. చెవులు ఎర్రబడ్డాయి. "సారీ అండి. పెన్నుతో దిద్దేస్తాను, రెండు నిమిషాలు..."

"వద్దమ్మా, ఉండనివ్వు. మా ఫంక్షన్ రేపే కదా," అన్నారాయన, పొట్ట కదిలేలా నవ్వుతూ. "కాకపోతే మీ రేపులు ఇవాళే బాగున్నాయి. దారిలో పెట్టెకి ఒకటి తగ్గినా మావాళ్లకి చెప్పకండి."

కారు వెళ్లిపోయాక పాపాయి ఇంకా నవ్వుతూనే ఉంది. "నీ నోట్లో ఉన్నదే కాయితం మీద పడిందే."

దుర్గాశ్రీ చేతులు కడుక్కుని బియ్యం డబ్బాలోంచి ఫోను తీసింది. స్నేహితురాలు పూజిత నుంచి తొమ్మిది మెసేజీలు. చివరిది తెరిచింది. "ఫలితాలు వాయిదా అట," అంది.

"ఎప్పటికట?" అంది పాపాయి. ఇప్పుడు ఆమె నవ్వడం లేదు. కట్టున్న చేతిని ఎడం చేత్తో పట్టుకుని నిలబడింది.

"వచ్చే వారమో, ఆ పై వారమో." దుర్గాశ్రీ ఫోను వైపు చూసి, ఎందుకో తనూ నవ్వేసింది. దాన్ని తీసుకెళ్లి మళ్లీ బియ్యంలో పెట్టి మూతేసింది.

గిన్నెలో అడుగున ఇంకా కాస్త పిండి ఉంది.

"కుండ వేడిగానే ఉందామ్మా?"

"ఉంది."

"అయితే కాస్త జరుగు."