ఏడింటికి పోయినవాడు

నాకిప్పుడు పళ్ళు మూడే మిగిలాయి గానీ నోరు మాత్రం నిండుగానే ఉంది. ఈ నోటి వల్లే ఒకప్పుడు మా తమ్ముడి మెడకు ఉరి బిగుసుకోబోయింది. ఆ కథని మా వీధిలో ఎవడికి తోచినట్టు వాడు చెప్పుకుంటున్నాడు. మొన్న పక్కింటి పిల్ల నా దగ్గరికే వచ్చి, "హంతకుడు కిటికీలోంచి గుర్రం మీదికి దూకి పారిపోయాడట కదా నానమ్మా!" అంది. గుర్రమా, నీ బొందా! అప్పట్లో మా వీధి మొత్తానికి ఉన్నది ఒకే గుర్రం, అదీ కుంటిది. అందుకే జరిగింది జరిగినట్టు నేనే చెబుతున్నాను.

మాది ఇస్త్రీ కొట్టు. రెండంతస్తుల ఇంటి కింద, మెట్ల పక్కన ఉండేది. ఒక బల్ల, రెండు బొగ్గుల ఇస్త్రీపెట్టెలు, గోడ నిండా మసి, అంతే మా ఆస్తి. అమ్మానాన్నలు లేరు. తమ్ముడు నాకంటే పదేళ్ళు చిన్న. వాడి పాలపళ్ళు ఊడింది నా చేతుల్లోనే, మీసాలు మొలిచింది నా కళ్ళ ముందే. బల్ల దగ్గర నేను, మోతకి వాడు. ఆసుపత్రి దుప్పట్లు వాడే తెచ్చేవాడు, వాడే ఇచ్చొచ్చేవాడు.

మా నెత్తి మీద, అంటే పై గదిలో, తుమ్ములాయన ఉండేవాడు. తూనికల ఆఫీసులో పనిచేసి మానేసిన పెద్దమనిషి. రోజూ పొద్దున ఆరున్నరకి కిటికీ తీసి ఏడు తుమ్ములు తుమ్మేవాడు. ఎనిమిది కాదు, ఆరు కాదు. ఏడో తుమ్ముకి ఎదురింటి అవ్వ పొయ్యి వెలిగించేది. తుమ్మితే తుమ్మాడు, పోనీ అనుకోవచ్చు. ఆయనకి మనిషి మీద నమ్మకం లేదు. ఆయనకొక నల్లకోటు ఉండేది. దాన్ని మా కొట్లో వదిలితే గుండీలు మార్చేస్తామట! అందుకని కాలుతున్న ఇస్త్రీపెట్టెని మా తమ్ముడు మెట్లెక్కి పైకి మోసుకెళ్ళాలి, ఆయన కళ్ళ ముందే కోటు తోమాలి. పైగా వాణ్ని "ఒరేయ్ మసిబొగ్గూ" అని పిలిచేవాడు. ఆ పిలుపు విన్నప్పుడల్లా నాకు అరికాలి మంట నెత్తికెక్కేది.

ఇక్కడ నా సంగతొకటి చెప్పాలి. ఎవరైనా బయటికి వెళ్తే వెళ్ళాడు అనాలి, పోయాడు అనకూడదని అమ్మ చిన్నప్పటి నుంచీ నా నెత్తిన మొట్టి మొట్టి చెప్పింది. నేను వింటేగా! నాకు నచ్చినవాళ్ళు వెళ్ళేవాళ్ళు, గిట్టనివాళ్ళు పోయేవాళ్ళు. ఆ తేడా చూపిస్తే గానీ నాకు నోటి తీట తీరేది కాదు.

ఆ రోజు ఆరున్నరకి తుమ్ములు అయ్యాయి. ఏడింటికి పావుగంట ముందు తమ్ముడు పెట్టె పట్టుకుని పైకి వెళ్ళాడు, కోటు తోమి దిగొచ్చాడు. పెట్టె చల్లారేదాకా అక్కడే ఉంచమన్నాడట ఆయన, దారిలో బొగ్గు రాలితే మెట్లు మాసిపోతాయని. సరిగ్గా ఏడింటికి తుమ్ములాయన కోటు తొడుక్కుని, గొడుగు చంకన పెట్టుకుని, నా వైపు కన్నెత్తైనా చూడకుండా మెట్లు దిగి పోయాడు. ఎనిమిదింటికి తమ్ముడు దుప్పట్ల మూటతో ఆసుపత్రికి వెళ్ళాడు. తొమ్మిదింటికి నేను బొగ్గులకి వెళ్ళి గంటసేపు అక్కడే కబుర్లలో పడ్డాను. పదింటికి పైన చీపురు పట్టే ఆవిడ పెట్టిన కేకకి వీధంతా మెట్ల మీదికి ఎగబడింది. తుమ్ములాయన నేల మీద బోర్లా పడున్నాడు. తల పగిలింది. పక్కన మా ఇస్త్రీపెట్టె.

ఆ పెట్టె పైకి ఎవరు మోశారని పోలీసులు అడిగారు. వీధిలో ఇరవై వేళ్ళు ఒకేసారి లేచాయి. పదకొండింటికి ఖాళీ గుడ్డ భుజాన వేసుకుని ఈలేసుకుంటూ వస్తున్న మా తమ్ముణ్ని సందు మొగలోనే పట్టుకున్నారు.

నన్ను స్టేషనుకి పిలిచారు. అక్కడ రాతపని చూసే రైటరుకి గ్రంథం అని పేరు. ఎందుకంటే ఎవరు ఏం చెప్పినా ఆయన దాన్ని పుస్తకం భాషలోకి మార్చి గానీ రాయడు. లోపలి గదిలోంచి ఇన్‌స్పెక్టరు, "ఏమయ్యా, ఆ నాలుగు ముక్కలు రాయడానికి నాలుగు రోజులా?" అని అరుస్తున్నాడు. పాపం గ్రంథం మొహం మాడిపోయింది.

"చెప్పమ్మా, ఏం జరిగింది?" అన్నాడు.

"మా తమ్ముడు పైకెళ్ళి కోటు ఇస్త్రీ చేసి దిగొచ్చాడు. ఆ తరవాత ఏడింటికి ఆయన పోయాడు."

"నువ్వు చూశావా?"

"నా కళ్ళతో చూశాను. గొడుగుతో సహా."

గొడుగు గ్రంథానికి అక్కర్లేదు కాబోలు, రాయలేదు. రాసింది గడగడా చదివి వినిపించాడు. "నా సోదరుడు మేడపైకి ఏగి, వస్త్రమును చక్కజేసి, అవరోహించెను. తదుపరి ఏడు గంటలకు ఆయన గతించెను. నేను కన్నులారా గాంచితిని."

వినడానికి ఎంత బాగుందో! తిన్నాడు అంటే భుజించెను, పడుకున్నాడు అంటే శయనించెను అంటారు కదా, అలాగే పోయాడు అంటే గతించెను కాబోలు అనుకున్నాను. నా మాటకి ఇంత గౌరవమా అని మురిసిపోయి, బొటనవేలు సిరాలో ముంచి, అడిగిన చోటల్లా ముద్ర వేశాను. ఒక ముద్ర అడగని చోట కూడా వేశాను.

మూడు నెలలకి కోర్టు. మొదట అవ్వ బోనెక్కింది. "ఆరున్నరకి ఏడు తుమ్ములూ విన్నానయ్యా. ఆ తరవాత ఒక్కటీ వినలేదు. బతికుంటే పదింటి దాకా తుమ్మకుండా ఉండే మనిషి కాదాయన" అంది. సర్కారు వకీలు దాన్ని కాగితం మీద రాసుకున్నాడు. రాసుకున్నాడండీ!

తరవాత మా వీధి మంగలి. ఆయన్ని అందరం అద్దాల బాబాయి అనేవాళ్ళం. "ఎనిమిదింటికి ఒకాయనకి గడ్డం గీస్తున్నానండి. వీడు మూటతో కుడివైపుకి, ఏటివైపుకి పోతున్నాడండి. రక్తం గుడ్డలు ఉతుక్కోవడానికేనండి" అన్నాడు.

జడ్జిగారు కళ్ళజోడు పైకి నెట్టి, "వీధి వైపు తిరిగి చూశావా?" అన్నారు.

"గడ్డం గీస్తూ తిరిగితే గొంతు తెగదాండీ? అద్దంలోనే చూశాను."

"అద్దంలో కుడివైపంటే బయట ఎడమవైపు కదయ్యా!"

బాబాయి కాసేపు తన రెండు చేతులూ మార్చి మార్చి చూసుకున్నాడు. ఎడమవైపు ఉన్నది ఆసుపత్రి. అక్కడి నర్సమ్మ వచ్చి, ఎనిమిది దాటినప్పటి నుంచి పదిన్నర దాటేదాకా ఈ అబ్బాయి మా దగ్గరే దుప్పట్లు మడతపెట్టాడని చెప్పింది. నా ప్రాణం లేచొచ్చింది. అయితే సర్కారు వకీలు ఏమాత్రం తొణక్కుండా లేచాడు.

"ఎనిమిది తరవాత ఎక్కడుంటే మాకెందుకండీ? హత్య జరిగింది ఏడింటికి. ముద్దాయి సొంత అక్కే చెప్పింది" అంటూ నా వాంగ్మూలం చదివాడు. "గతించెను. అంటే చనిపోయెను. కళ్ళారా చూసిందట."

బోనులో తమ్ముడు నన్ను చూశాడు. ఎందుకే అక్కా అన్నట్టు చూశాడు. మూడు నెలల్లో వాడి మొహం అరచేయంత అయింది. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని అమ్మ అనేది. అమ్మ ఆ రోజు కోర్టులో ఉంటే నా నెత్తి మీద మొట్టికాయ కాదు, ఆ ఇస్త్రీపెట్టే పడేది.

నన్ను బోనెక్కించారు. "నేనన్నది పోయాడనయ్యా! మెట్లు దిగి, గొడుగు చంకన పెట్టుకుని, బయటికి పోయాడు!" అని మొత్తుకున్నాను.

"బయటికెళ్తే వెళ్ళాడంటారు. పోయాడని ఎందుకన్నావు?" అన్నాడు వకీలు.

ఇప్పుడు చెప్పండి. నిజం చెబితే ఆ మనిషంటే మాకు పగ అని ఒప్పుకున్నట్టు. చెప్పకపోతే వాడు ఏడింటికే చచ్చినట్టు. అయినా చెప్పాను. "వాడంటే నాకు ఒళ్ళుమంట కాబట్టి. మా తమ్ముణ్ని మసిబొగ్గూ అనేవాడు కాబట్టి. నాకు నచ్చినవాళ్ళు వెళ్తారయ్యా, గిట్టనివాళ్ళు పోతారు. ఇదే నా వ్యాకరణం."

"విన్నారా! పగ ఉందని తనే ఒప్పుకుంది. పైగా వ్యాకరణమట! లోకంలో ఇంకెవరైనా అలా మాట్లాడతారా?" అని వకీలు నవ్వాడు. కోర్టంతా నవ్వింది. జడ్జిగారు మాత్రం తీర్పు రాయడానికి కాబోలు, కలం తీసుకున్నారు. ఆ కలం చూడగానే నాకు ఒళ్ళు తెలియలేదు.

"ఎవర్రా నవ్వేది? నా తమ్ముడి ప్రాణం పోతుంటే మీకు నవ్వులాటగా ఉందా? ఆ రాసినవాణ్ని పిలవండి! రాయించిన ఆ ఇన్‌స్పెక్టరేడీ? మొహం చూపించమనండి!"

"నిశ్శబ్దం" అన్నారు జడ్జిగారు. కానీ ఆయన కూడా గుమ్మం వైపు చూశారు. "అవునయ్యా రైటరూ, మీ ఇన్‌స్పెక్టరు కూడా ఇవాళ సాక్షి కదా. ఏడీ ఆయన?"

గ్రంథం దిగ్గున లేచాడు. ఆ రోజు పొద్దున కూడా గట్టిగానే తిట్లు తిన్నట్టున్నాడు, మొహం అలా ఉంది. గాబరాలో పుస్తకం భాష ఎక్కడ పారేసుకున్నాడో గానీ, "తొమ్మిదింటికే పోయాడండి" అన్నాడు.

కోర్టంతా ఆయన వైపే తిరిగింది.

"అయ్యో! ఎలా పోయాడు? ఎవరు చంపారు?" అన్నాను నేను.

జడ్జిగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. భుజాలు కదులుతున్నాయి, నవ్వు అని నాకు తెలుసు. "రైటరూ, మీ ఇన్‌స్పెక్టరు గతించారా?"

"అబ్బే, పక్క స్టేషనుకి... వెళ్ళారండి, వెళ్ళారు!" అని గ్రంథం చెమటలు కక్కాడు.

"ఆవిడ వ్యాకరణం నీకూ తెలుసన్నమాట" అన్నారు జడ్జిగారు. వకీలు కూర్చున్నాడు. సాయంత్రానికి తమ్ముణ్ని వదిలేశారు.

అసలు చంపినవాడు రెండు నెలలకి దొరికాడు. తుమ్ములాయన బావమరిది. ఆ రోజు ఏడింటికి ఆయన వెళ్ళింది రైలుకి ఎదురెళ్ళి ఈ బావమరిదిని తీసుకురావడానికట. ఆ కోటు బావమరిదిదేనట! తన పెళ్ళిలో వేసుకుంటానని తుమ్ములాయన తీసుకుని, ఇరవై ఏళ్ళు ఇవ్వలేదట. నేను బొగ్గుల దగ్గర కబుర్లలో ఉన్నప్పుడు ఇద్దరూ గదికి వచ్చి దాని కోసమే కొట్లాడుకున్నారట, చేతికందిన ఇస్త్రీపెట్టెతో బావమరిది ఒక్కటిచ్చాడట. ఆ కోటు తొడుక్కునే దొరికాడు. శవం మీద కోటేదని అన్నాళ్ళూ ఒక్కడికీ తట్టలేదు, ఆయన అది తొడుక్కుని పోవడం చూసిన నాతో సహా.

తమ్ముడు వీధికి తిరిగొచ్చాడు గానీ వీధి వాడికి తిరిగి రాలేదు. అవ్వ వాణ్ని చూస్తే తలుపు వేసుకునేది, సిగ్గుతోనో భయంతోనో. బాబాయి అద్దంలోంచే పలకరించేవాడు. ఒక పొద్దున వాడు బట్టల మూట కట్టుకుని కొట్టు ముందు నిలబడ్డాడు. నర్సమ్మ వేరే ఊరి ఆసుపత్రిలో పని చూపించిందట.

"అక్కా, నేను..." అని ఆగిపోయాడు.

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. ఏడవడం నాకు చేతకాదు, తిట్టడమే వచ్చు. "పోరా! నీకు నేనెందుకు? పో!" అన్నాను.

అన్నాక నాలుక కరుచుకున్నాను. వాడు తెల్లబోయి చూసి, అటూ ఇటూ వీధంతా వెతికి, "గ్రంథం లేడు కదా చుట్టుపక్కల?" అన్నాడు. ఇద్దరం పగలబడి నవ్వాం. నవ్వుతుండగానే నాకు కళ్ళు కనపడకుండా పోయాయి. గిట్టనివాళ్ళకే ఆ మాట అని కోర్టులో ప్రమాణం చేసి చెప్పాను. అబద్ధం. వదల్లేనివాణ్ని కూడా అదే అంటానని నాకే తెలియదు.

వాడు సందు మలుపు దాకా వెళ్ళాడు. నేను బల్ల దూకి వీధి నడుమ నిలబడి అరిచాను, "వెళ్ళి రారా! ఒరేయ్, వెళ్ళి రా! వినబడిందా?" వినబడేదాకా, వాడు చెయ్యి ఊపేదాకా అరిచాను. బాబాయి సగం గీసిన గడ్డం వదిలేసి బయటికొచ్చి, మొదటిసారి అద్దంలో కాకుండా కళ్ళెదురుగా వాణ్ని చూశాడు.