బొమ్మ ఉంది, వెలుగు లేదు

ఆమె ఇళ్ల ప్లాన్లు గీస్తుంది. పని ఇంట్లోనే, కిటికీ పక్కన బల్ల మీద. అత్తగారు కన్నుమూశాక వచ్చిన మొదటి వర్షాల్లో, ఒక మధ్యాహ్నం ఎవరి వంటగదికో గోడలు లేపుతుండగా ల్యాప్‌టాప్ తెర చటుక్కున నల్లబడింది. లోపల ఫ్యాను తిరుగుతూనే ఉంది. కాసేపటికి ఏమీ ఎరగనట్టు వెలుగు తిరిగి వచ్చింది.

మర్నాడూ అంతే. ఇక అదే వరస. వెలుతురు పెంచే మీట నొక్కి చూసింది, ఛార్జర్ మార్చింది, ఆపి మళ్లీ వేసింది. ఊహూఁ.

"పాతబడిందిలే, కొత్తది కొనేద్దాం" అన్నాడు భర్త. ఆయన లెక్కలో జలుబు చేసిన ముక్కుకు మందు కొత్త ముక్కే.

వీధి చివర మెకానిక్ దుకాణం ఉంది, మనిషి పక్కకు తిరిగితే తప్ప పట్టని గది. నెరిసిన మీసాల మెకానిక్ ఆమె చెప్పింది సాంతం విన్నాడు. "ఈసారి ఆరినప్పుడు టార్చి ఏటవాలుగా పట్టి తెరలోకి చూడండమ్మా" అన్నాడు.

ఆమె అలాగే చూసింది. నీటి అడుగున పడ్డ కాగితంలా, నల్లటి తెర లోపల ఆమె గీసిన గోడలు లీలగా కనిపించాయి. ఫోన్ చేసింది.

"బొమ్మ ఉందండీ."

"అయితే తెర మంచిదే. దాని వెనక దీపం ఆరుతోంది."

ఆయన దీపానికి వెళ్లే కేబుల్ మార్చాడు. దుకాణంలో రోజుల తరబడి వేసి ఉంచినా తెర రెప్ప వేయలేదు. ఇంటికి తెచ్చిన మధ్యాహ్నమే ఆరింది.

"డాక్టర్ని చూస్తే తగ్గిపోయే దగ్గులా ఉందమ్మా మీది" అంటూ ఆయనే సంచీ తగిలించుకుని ఇంటికి వచ్చాడు. బల్ల ముందు కూర్చుని, మొనకు అయస్కాంతం ఉన్న స్క్రూడ్రైవర్ తీసి, కీబోర్డు కింద ఎడమవైపు, మణికట్టు ఆనించే చోట పెట్టాడు. తెర ఆరింది. తీశాడు. వెలిగింది.

"ఇక్కడ లోపల సెన్సర్ ఉంటుందమ్మా. మూతలో చిన్న అయస్కాంతం ఉంటుంది. మూత వేసినప్పుడు అది దగ్గరకొస్తే దీపం ఆరిపోతుంది. మీ దానికి ఇంకేదో అయస్కాంతం తగులుతోంది. చేతికేమన్నా పెట్టుకుంటారా?"

ఆమె ఉత్త చేతులు చూపించింది.

"ఇంట్లో ఇంకెవరన్నా? కీళ్ల నొప్పులకి కడియాలు అమ్ముతారే, అలాంటిది?"

ఆమె పడగ్గది వైపు చూసింది.

అత్త లేని కోడలు ఉత్తమురాలు అంటుంది లోకం. వీళ్లిద్దరిదీ మాత్రం పాలూ నీళ్లూ. మధ్యాహ్నం కునుకు తీసి లేచాక అత్తగారు ఈ బల్ల దగ్గరికే వచ్చేది. కడియం ఉన్న ఎడమ చెయ్యి కీబోర్డు పక్కన ఆనించి, ముందుకు వంగి, "ఇవాళ ఎవరి కొంపమ్మాయ్?" అని అడిగేది. ఒక్కోసారి తెర ఆరేది కూడా. చెయ్యి తగిలి ఏదో మీట పడిందనుకునేవారు.

కడియం పడగ్గది బీరువాలో ఉంది. తెచ్చి ఇచ్చింది. ఆయన అదే చోట పెట్టాడు. తెర ఆరింది.

"ఇదేనమ్మా."

"అది నెలలుగా బీరువాలోనే ఉందండీ."

ఆయన మీసం నిమురుకున్నాడు. కడియాన్ని తిరిగి బీరువాలో పెట్టి తాళం వేసి రమ్మన్నాడు. ఆమె వచ్చేసరికి, జేబులోని డబ్బా తెరిచి, నువ్వుగింజలంత ఇనుప స్క్రూలు కొన్ని ఆ చోట చల్లి ఉంచాడు. "అయస్కాంతం ఏ వైపునుంచి వస్తోందో ఇవే చెప్తాయి."

బయట వాన పట్టింది. ఊరికే కూర్చోలేక ఆమె ఒక కిటికీ గీయబోయింది.

స్క్రూలు కదిలాయి. ముందు అన్నీ ఎడమవైపుకు తిరిగాయి. తరువాత ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ దగ్గరగా జరిగి, నిలువునా లేచి నిలబడ్డాయి. తెర ఆరింది. ఇద్దరూ కదల్లేదు. బాగా కనబడాలని మనిషి ఇంకాస్త ముందుకు వంగితే చెయ్యి ఎలా జరుగుతుందో, నిలబడ్డ స్క్రూలు అలా వాలి, ఆగాయి. ఆమె ఎడమ చెవి దగ్గర జుట్టు కొంచెం కదిలింది. కిటికీ మూసే ఉంది.

కాసేపటికి స్క్రూలు పడిపోయాయి. వెలుగు వచ్చింది.

మెకానిక్ వాటిని ఏరుతుంటే ఒకటి కింద పడింది. ఆయన వెతకలేదు. "ఆ సెన్సర్ తీగ పీకేస్తానమ్మా. ఇక ఆరదు" అన్నాడు గొంతు తగ్గించి. ఆమె తల ఊపింది.

తెర మళ్లీ ఆరలేదు. మూత వేసినా అంచుల్లోంచి సన్నటి వెలుగు వస్తూనే ఉండేది. ఆమె దానిమీద తువ్వాలు కప్పేది. "చూశావా, దానంతటదే బాగైంది" అన్నాడు భర్త. ఆమె మాత్రం రెండు గీతలు గీసేది, ఎడమవైపు తిరిగి చూసేది. బల్లను ఇంకో గోడకు జరిపింది. కుర్చీ మార్చింది. మెడ పట్టేసిందే గానీ, తిరగడం మానలేదు.

చివరికి ల్యాప్‌టాప్ పట్టుకుని దుకాణానికి వెళ్లింది.

"మళ్లీ ఆరుతోందా?"

"లేదండీ. ఆ తీగ మళ్లీ తగిలించండి."

మెకానిక్ ఆమె ముఖంలోకి చూశాడు.

"ఆరితే ఆవిడ వచ్చిందని తెలిసేది. వెలుగొస్తే వెళ్లిందని తెలిసేది. ఇప్పుడు ఎప్పుడూ ఉన్నట్టే ఉంది."

ఆయన దుకాణం తలుపు బార్లా తెరిచి పెట్టి, అడుగు మూత విప్పడం మొదలుపెట్టాడు.

ఆ మధ్యాహ్నమే తెర ఆరింది. ఆమె చేతులు తీసి ఒళ్లో పెట్టుకుని, వెలుగు వచ్చేదాకా అలాగే కూర్చుంది. ఆ రోజు చాలాసేపు పట్టింది.