రాజవ్వ పేరు మీద

"ఇంద్రేశం మా జోన్‌లో లేదు మేడం" అని మూడో ల్యాబు అమ్మాయి మా ఊరి గురించి చెప్పినప్పుడు నేను ఫోన్‌ను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని పప్పులో పసుపు వేస్తున్నాను. ఫోన్ పప్పులో పడితే ఇంట్లో ఏమంటారో కూడా ఆలోచిస్తున్నాను. మా ఆయన రాజశేఖర్ పనిచేసే మందుల కంపెనీ, ఉద్యోగుల అమ్మానాన్నలకు ఏడాదికొకసారి రక్తపరీక్షల ప్యాకేజీ ఇస్తుంది. కూపన్ తేవడం ఆయన పని. ఏ ల్యాబు ఇంటికి వస్తుంది, ఎన్నింటికి వస్తుంది, ఎన్ని గంటలు ఏమీ తినకుండా ఉండాలి, ఆ సంగతి అత్తమ్మ చెవికి ఎలా ఎక్కించాలి, ఇదంతా నా పని. "ఇంట్ల కూసొని ఫోన్ చేసుడే గదా" అన్నాడు బైక్ తుడుచుకుంటూ.

నా చీటీ ఒకటి ఫ్రిజ్ తలుపు మీద అయస్కాంతం కింద మూడు నెలలుగా ఉంది. నెలసరి పన్నెండు రోజులు ఆగకుండా పోతుంటే సర్కారు దవాఖానాకు వెళ్లాను. డాక్టరమ్మ నా కింది రెప్ప లాగి చూసి, రక్తపరీక్ష రాసింది. అక్కడ ఉచితమే. కాని పొద్దున తొమ్మిదిలోపు వెళ్లి లైన్లో నిలబడాలి. ఆ వేళకు మా ఇంట్లో టిఫిన్ బాక్సులు, నల్లా నీళ్లు, మామయ్య మల్లయ్యకు వేడినీళ్లు, ఇంటర్ చదివే మా నిషిత బస్సు. ప్రైవేటు ల్యాబుల్లో అడిగితే ఒక్క పరీక్షకు ఇంటికి రామన్నారు. వస్తే, పరీక్ష కన్నా రావడానికే ఎక్కువ తీసుకుంటామన్నారు. "ఒక్కదానికి వాళ్లను పిలుస్తమా? అమ్మోళ్ల ప్యాకేజీ వచ్చినప్పుడు దాంట్లనే ఇద్దువు" అన్నాడు రాజశేఖర్. ప్యాకేజీ వచ్చింది. అందులో రెండు పేర్లే ఉన్నాయి. "భార్యలకు లేదంట. వచ్చే నెల చూద్దాం తియ్" అన్నాడు. డాబా మెట్లు ఎక్కితే నా గుండె చప్పుడు నా చెవుల్లో వినిపిస్తోందని చెప్పాను. "బరువు తగ్గు" అన్నాడు.

నాలుగో ల్యాబు వస్తానంది. మంగళవారం ఏడింటికి రవళి అనే అమ్మాయి స్కూటీ మీద వచ్చింది. రాజశేఖర్ అప్పటికే మొదటి షిఫ్టుకు వెళ్లిపోయాడు. మామయ్య రక్తం ఇచ్చి, మోచేతి మడతలో దూది పట్టుకుని చౌరస్తాలో చాయ్ తాగడానికి వెళ్లాడు. అత్తమ్మ రాజవ్వ మాత్రం వంటింట్లోంచి రాలేదు. వెళ్లి చూస్తే రస్కు చాయ్‌లో ముంచుకుని తింటోంది.

"అత్తమ్మా, రాత్రి పదిసార్లు చెప్పిన గదా, పొద్దుగాల ఏం తినొద్దని."

"ఒక్కటే తిన్న."

పళ్లెంలో మూడు రస్కుల పొడి ఉంది.

"గా సూది నాకొద్దు పిల్లా. సూత్తేనే కండ్లు తిరుగుతున్నయ్. నా పేరు మీద నువ్వియ్యి. కంపెనోళ్లు మల్ల ఇస్తరా? ఇయ్యకుంటె వాడు నా మీద ఒర్రుతడు. ఎవలి రక్తమైనా ఎర్రగనే ఉంటది."

వద్దనాలి. డిగ్రీలో జువాలజీ చదివినదాన్ని, అది ఎంత తప్పో నాకు తెలుసు. కాని ల్యాబు మా గడప లోపలికి వచ్చి కూర్చుంది. ఇంకోసారి ఎప్పుడొస్తుందో. నా అంకె నాకు కావాలనిపించింది. ఇక తినకుండా ఉండటం అంటారా, ఇంట్లో అందరూ తిన్నాక గాని నేను పళ్లెం తీయను. ఏ రోజైనా పదకొండింటి దాకా నేను పరీక్షకు సిద్ధంగానే ఉంటాను.

రవళి స్టిక్కరు చదివింది. "రాజవ్వ, యాభై ఎనిమిది సంవత్సరాలు. మీరేనా?" నాకు ముప్పై తొమ్మిది. ఆమె తలెత్తి నా ముఖం చూసింది. పట్టేసుకుంటుందనుకున్నాను.

"చెయ్యి చాపు పెద్దమ్మా" అంది.

మరునాడు మధ్యాహ్నం రాజశేఖర్ కంపెనీ నుంచి ఫోన్ చేశాడు. గొంతు వణుకుతోంది. పెళ్లయిన పంతొమ్మిదేళ్లలో ఆ వణుకు నేనెప్పుడూ వినలేదు. "అమ్మకు రక్తం ఆరు పాయింట్ ఒకటే ఉన్నదంట. పన్నెండు ఉండాలె. రిపోర్టు డాక్టర్‌కు పంపిస్తే, రక్తం ఎక్కియ్యాల్సి వస్తదేమో అన్నడు. అసలు నువ్వు ఏం పెడుతున్నవే మా అమ్మకు?"

గోడకు ఆనుకున్నాను. నా ఒంట్లో ఉండవలసిన దాంట్లో సగమే ఉందని, ఆ నేరం కూడా నాదేనని ఒక్క ఫోన్‌లోనే తెలిసింది. అప్పుడే చెప్పవలసింది. ఆ రోజు చెప్పకపోవడం భయం వల్లే. తర్వాతి రోజుది భయం కాదు. ఆ అంకెకు ఈ ఇల్లు ఏం చేస్తుందో చూడాలనిపించింది.

చాలా చేసింది. రాజశేఖర్ సగం రోజు సెలవు పెట్టి దానిమ్మలు, ఖర్జూరాలు, మేక కార్జం తెచ్చాడు. కిటికీ దగ్గర గాలి తగిలే చోట తల్లికి కుర్చీ వేశాడు. "అమ్మా, మెట్లు ఎక్కకు. బిందె ముట్టకు" అన్నాడు. నిషితను నానమ్మ కాళ్లు పిసకమన్నాడు. అత్తమ్మ మొదట నా వైపు బెదురుగా చూసింది. సాయంత్రానికి "గందుకేనేమో బిడ్డా, కాళ్లు ఒక్కతీరుగ గుంజుతున్నయ్" అంది. మరునాటికి నిజంగానే గోడ పట్టుకుని నడవసాగింది. కాగితం మీద ఉన్నది ఆమె పేరే మరి. నేను కార్జం కడిగి వండాను, దానిమ్మలు వలిచాను, ఆమె చీరలు డాబా మీద ఆరేయడానికి వెళ్తూ మెట్ల మధ్య రెండుసార్లు కూర్చున్నాను. "జెర మనసు పెట్టి వండు" అన్నాడు మామయ్య. ఆడబిడ్డ కొల్లూరు నుంచి ఫోన్ చేసి, "ఏం వదినా, మా అమ్మను ఉపాసం పండవెడుతున్నవా?" అంది.

శుక్రవారం పదిన్నరకు పటాన్‌చెరులో డాక్టరు దగ్గర పేరు రాయించాడు రాజశేఖర్. కిరాయి కారు మాట్లాడాడు. నిషిత పుట్టినప్పుడు నేను షేర్ ఆటోలో దవాఖానాకు వెళ్లాను. శుక్రవారం పొద్దున అత్తమ్మ కొత్త చీర కట్టుకుని కుర్చీలో కూర్చుంది గాని, సూది గుర్తొచ్చినట్టుంది, ముఖం వాడిపోయింది.

"వద్దు బిడ్డా, నాకు మంచిగనే ఉన్నది."

"ఊకో అమ్మా. నీ పానం కన్న ఎక్కువనా?"

అత్తమ్మ రెండు రోజుల తర్వాత నా ముఖంలోకి చూసింది. చెప్పమని.

దానిమ్మ గింజల గిన్నె చేతిలో పట్టుకునే చెప్పాను. "అది అత్తమ్మ రక్తం కాదు. నాది. ఆమె చాయ్ తాగిందని, ఆమె పేరు మీద నేనిచ్చిన."

రాజశేఖర్ తల్లి వైపు చూశాడు. ఆమె తలూపింది. అతని భుజాలు కిందికి దిగాయి. పెద్దగా ఊపిరి వదిలాడు.

"నీదా?" అన్నాడు. "రెండు రోజులు పానం తీసినవ్ గదనే. నేనింకా అమ్మకే అనుకున్న." నవ్వాడు కూడా. నవ్వుతూనే ఫోన్ తీశాడు. "కారోనికి వద్దని చెప్త ఇగ. డాక్టర్ది కూడ క్యాన్సిల్ చెయ్యాలె."

"మరి గా కార్జమంత రాజవ్వనే తిన్నది గద" అన్నాడు మామయ్య.

అత్తమ్మ చటుక్కున లేచింది. గోడ పట్టుకోలేదు. ఖాళీ అయిన ఆ కుర్చీలో నేను కూర్చున్నాను. కిటికీలోంచి గాలి బాగానే వస్తోంది.

"క్యాన్సిల్ చెయ్యకుండ్రి. పేరు మార్పియ్యిండ్రి" అన్నాను. "భూలక్ష్మి. ముప్పై తొమ్మిది."

"ఆడోళ్లకు గిది మామూలే. సోమవారం చూద్దాం తియ్."

"అయితే పొద్దటి వంట ఏంది మరి?" అత్తమ్మ వంటింటి గుమ్మంలోంచి అడిగింది.

నేను గిన్నె ఒళ్లో పెట్టుకుని గింజలు తినడం మొదలుపెట్టాను. పొద్దున తొమ్మిదిన్నరకు, ఎవరికన్నా ముందు. బయట కారు హారన్ కొట్టింది. గిన్నె ఖాళీ అయ్యేదాకా నేను లేవలేదు. తర్వాత ఫ్రిజ్ మీది చీటీ తీసుకుని, చెప్పులేసుకుని బయటికి నడిచాను.

డ్రైవర్ నా వెనక వాకిట్లోకి తొంగిచూశాడు. "ఎవలో పెద్దమ్మకు బాగలేదన్నరు. పేషెంట్ ఏదమ్మా?"

"నేనే" అని కారు తలుపు వేసుకున్నాను. "పోనియ్యి."