ఒక్క చుట్టు ఆపుకో

నెల్లూరు ఎగ్జిబిషనుకి పోయే ముందురోజు పొద్దుగూకగానే కామమ్మ కూతురికి నీళ్ళు మానిపించింది. రాత్రి సంగట్లోకి పులుసు కూడా పొయ్యలేదు. పులుసంటే నీళ్ళే కదా అని, ఎండుచేప కాల్చి పెట్టింది. ఆ ఉప్పుకి పిల్ల నాలుక పిడచగట్టి, చాప మీద అటూ ఇటూ దొర్లుతూ నీళ్ళడిగింది. కామమ్మ వినిపించుకోలేదు.

"పసిబిడ్డమే అది. గంపెత్తుకుని పోతాందా నీ మాదిరి? రవ్వన్ని పొయ్యి," అన్నాడు మొగుడు ఆదెయ్య.

"పోస్తా. రేపు నెల్లూర్లో దానికి వస్తే నువ్వు వచ్చి కూచోబెడతావా? నీకేం మావా, ఏడ గోడ కనపడితే ఆడ నిలబడతావు. ఆడదానికి ఏడుండాది చాటు?"

ఆదెయ్య అటు తిరిగి పడుకున్నాడు. ఇలాంటి సంగతుల్లో మగవాళ్ళకి నోరు త్వరగా మూతపడుతుంది.

కృష్ణపట్నం పక్కన వాళ్ళుండే పాళెంలో, చేపల గంప నెత్తిన పెట్టుకుని పట్నం పోయే ఆడవాళ్ళందరిదీ ఇదే పద్ధతి. పోయే ముందురోజు రాత్రి నుంచే నీళ్ళు మానేస్తారు. ఎండలో వీధి వీధీ తిరిగి అరిచి, బేరాలాడి, గంప ఖాళీ చేసుకుని ఇంటికొచ్చి పడేదాకా గుటక మింగరు. తల పగిలిపోతుంది, మూత్రం మంట పుడుతుంది. గంప మోస్తే మెడ నొప్పి రావడం ఎంత మామూలో ఇదీ అంతే మామూలని అందరూ అనుకుంటారు. కామమ్మ తల్లీ అంతే, అత్తా అంతే. ఆ పద్ధతినే ఇప్పుడు బిడ్డకి అంటగట్టింది. పట్నం పోయే ఆడది చెయ్యాల్సిన మొదటి పని అదేనని ఆమె నమ్మకం మరి.

ఆ బిడ్డ పేరు గురవి, తొమ్మిదో ఏడు. నడక నేర్చిన కొత్తలో వచ్చిన జ్వరం, పోతూ పోతూ రెండు కాళ్ళలో సత్తువ పట్టుకుపోయింది. అయినా పాళెంలో చాటు వెతుక్కునే బాధ ఎప్పుడూ లేదు. తెల్లవారక ముందే ఆడవాళ్ళంతా కబుర్లాడుకుంటూ సరుగుడు తోపు అవతలికి పోయేవాళ్ళు. కామమ్మ బిడ్డను చంకనేసుకుని వాళ్ళతోపాటే పోయి, ఇసకలో చేతుల్తో గుంట తీసి, అంచు మీద కూచోబెట్టి, వెనక తాను గోడలాగా ఆనుకుని కూర్చునేది. పని అయ్యాక సముద్రం ఎంతైనా కడుగుతుంది. అది సిగ్గుపడాల్సిన సంగతని గురవికి ఎవరూ నేర్పలేదు.

ఎగ్జిబిషను పిచ్చి ఎక్కించింది ఆదెయ్యే. పోయినేడు చూసొచ్చి, రంగులరాట్నం సంగతి ఊరించి ఊరించి చెప్పాడు. "దానికి కాళ్ళతో పనే లేదు బిడ్డా. కొయ్యగుర్రం మీద కూచోబెట్టి తోలుపట్టా కడతారు. చేతుల్తో కమ్మీ పట్టుకుంటే చాలు, గిర్రున తిరుగుతాది." ఆ ఒక్క మాట గురవి మనసులో ముద్రపడిపోయింది. పాళెంలో ఆటలన్నీ కాళ్ళున్నవాళ్ళవే. అల వెనక పరిగెత్తాలన్నా, తొక్కుడుబిళ్ళ ఆడాలన్నా కాళ్ళు కావాలి. పిల్లకాయలు ఆడుకుంటుంటే వాళ్ళ గవ్వలకి కాపలా కూర్చోవడం గురవి పని. చేతులు మాత్రం వలలు ముడివేసి ముడివేసి గట్టిపడ్డాయి. ఆ చేతులతోనే ఆడే ఆట ఒకటుందని తెలిశాక ఏడాది పొడవునా అదే ధ్యాస. గుర్రమెక్కి వస్తానని పిల్లకాయలందరికీ చాటింపు కూడా వేసింది. ఎక్కకుండా తిరిగొస్తే వాళ్ళకి మొహం ఎలా చూపించాలో దానికి తెలియదు, కామమ్మకీ తెలియదు.

ఆదెయ్య సముద్రం మీద వేటకి పోయాడు. తల్లీ కూతుళ్ళిద్దరే బస్సెక్కి నెల్లూరు చేరారు. ఎండ మాడ్చేస్తోంది. ఎగ్జిబిషను గేటు దగ్గర చలివేంద్రంలో మజ్జిగ పోస్తున్నారు. గురవి నోరు తెరిచి అడగలేదు గానీ, మెడ మాత్రం అటే తిరిగిపోయింది. కామమ్మ కొంగు తడిపి దాని పెదవులకద్దింది.

"నోరు తడుపుకో. మింగొద్దు మే."

గురవి కొంగు చీకబోతే లాగేసుకుంది. అమ్మే రాక్షసి అనుకోవాలా? అనుకోండి. కామమ్మ కూడా తనను అలాగే అనుకుంది.

రాట్నం కనపడగానే పిల్ల దప్పిక మరిచిపోయింది. ఎర్రటి జీను, తెల్లటి ఒళ్ళు, నోరు తెరిచి పరిగెత్తే గుర్రాలు. లైను పెద్దది. కామమ్మ చంక మార్చి చంక మారుస్తూ నిలబడింది. ఇంకో నలుగురు ఎక్కితే తమ వంతు వస్తుందనగా గురవి చెవిలో చెప్పింది.

"అమ్మా, వస్తాండాది."

"నీళ్ళే తాగలేదు గదమే, ఏమొస్తాది?"

"ఏమో. మంటగా ఉండాది."

ఆ మంట కామమ్మకి బాగా తెలుసు. వెంటనే లైను విడిచి ఆడవాళ్ళ దొడ్డి వెతుక్కుంటూ పరుగెత్తింది.

దొడ్డంటే రేకుల ప్రహరీ, లోపల రెండే గదులు, వాటి ముందు పట్నం ఆడవాళ్ళ వరస. ముక్కాలిపీట మీద ఎలిశబెతు అనే కాపలామనిషి కూర్చుని ఉంది. చంకలో పిల్లను చూసి ఆమే ముందుకు పంపింది. గదికి ఎత్తుమెట్టు, లోపల అటో కాలు ఇటో కాలు పెట్టి కూర్చునే రాళ్ళు. కాళ్ళు నిలవని పిల్లను అక్కడ ఎలా పెట్టడం? కామమ్మ వెనక నిలబడి రెక్కల కింద పట్టుకుని దించబోయింది. ఇద్దరుంటే తలుపు మూతపడదు. తలుపు తెరిచి ఉంటే వరసలో ఉన్న కళ్ళన్నీ లోపలే ఉన్నాయి.

"ఏందిది, అందరూ చూస్తాండంగా!" అందొక నగల మనిషి. "చేపల కంపు వేరే," అంది ఇంకొకామె ముక్కు మూసుకుని. దొడ్డి వాసనలో నిలబడి చేపల కంపు పట్టగలిగిన ఆమె ముక్కు నిజంగా గొప్పదే.

గురవి బిగుసుకుపోయింది. ఎంత బతిమాలినా ఒక్క చుక్క రాలేదు. పుట్టాక మొదటిసారి ఆ పిల్లకి సిగ్గు తెలిసింది.

"అక్కా, ఆ మూల నేల మీద కూచోబెట్టుకుంటా. నీళ్ళు పోసి కడిగేస్తా," అని ఎలిశబెతును బతిమాలింది కామమ్మ.

"నా పని పోతాదమ్మా. పొద్దున ఒకామె అట్లనే చేస్తే నన్ను నానా మాటలు తిట్టినారు."

బయట రోడ్డు. రోడ్డుకి రెండు పక్కలా సోడా అంగళ్ళు, జనం. కామమ్మ గిరగిరా చూసింది. దొడ్డి వెనకే తెల్లగుడ్డ డేరా ఒకటి కనిపించింది. అందులోంచి ఒక దొరసాని లాంటావిడ కుచ్చెళ్ళు సర్దుకుంటూ వచ్చింది. తెర పక్కకి తొలిగినప్పుడు గురవి కేకేసింది.

"అమ్మా, కుర్చీ! మధ్యన బొక్క ఉండాది సూడు!"

నిజంగానే కుర్చీ. వెనక ఆనుకోవడానికి వీపు, పక్కన పట్టుకోవడానికి చేతులు, మధ్యలో గుండ్రటి రంధ్రం, కింద పింగాణీ పళ్ళెం. గురవిని కొలత తీసి చేయించినట్టుంది. లోకంలో ఇలాంటిదొకటి ఉందని కామమ్మకి ఇన్నేళ్ళుగా తెలియదు. తెలిసుంటే ఆదెయ్య పడవ చెక్కతోనైనా కొట్టి పెట్టేవాడు. ఆమె తెర పట్టుకోబోయేసరికి, జేబుకి సిల్కు రిబ్బను గుచ్చుకున్న ఎగ్జిబిషను కమిటీ మనిషి అడ్డమొచ్చాడు. ఆయన పేరు సంజీవరావు.

"అది ఆఫీసర్ల కుటుంబాలకమ్మా."

"అయ్యా, ఆ తల్లులకి కాళ్ళుండాయి గదా. కుర్చీ కావాల్సింది నా బిడ్డకయ్యా. ఒక్క నిమిషం. నేనే కడిగి పెడతా."

"నా చేతుల్లో లేదమ్మా. అయినా ఇట్లాంటి బిడ్డని ఇట్లాంటి చోటికి ఎందుకు తీసకొచ్చినావు? ఇంటికాడ పెట్టుకుని చూసుకోవాల గానీ."

మెత్తగానే అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే కామమ్మ నాలుగు తిట్టి కడుపుమంట చల్లార్చుకునేది. గురవి తలొంచుకుంది. అది చూసి ఆయనకి నిజంగానే జాలేసింది.

"పాప రాట్నం ఎక్కాలంటాందా? రండి, లైను లేకుండా ఎక్కిస్తా. టికెట్టు కూడా వద్దు."

కుర్చీ ఇవ్వలేని మనిషి గుర్రాన్ని దానం చేస్తున్నాడు. కామమ్మ ఆ దానం కాలదన్నాలనుకుంది. కాలదన్ని చాటు వెతుక్కుంటూ బయటికి పోతే మళ్ళీ రావడం ఉండదు, ఏడాది ధ్యాస ఇక్కడితో సరి. బిడ్డ మొహంలోకి చూసింది.

"ఒక్క చుట్టు ఆపుకుంటావా?"

"ఆపుకుంటామ్మా."

"ఒట్టు?"

"ఒట్టు."

లైనులో ఉన్నవాళ్ళంతా చూస్తుండగా సంజీవరావు ముందుండి ఎక్కించాడు. రాట్నం తిప్పేవాడు తోలుపట్టా గురవి పొట్ట మీదుగా కట్టి, కాళ్ళు చూసి, జారిపోతుందేమోనని ఇంకాస్త బిగించాడు. పిల్ల కళ్ళు మూసుకుని పళ్ళు కరిచింది గానీ ఏమీ అనలేదు. అంటే దించేస్తారని భయం. కామమ్మకి ఆ కరిచిన పళ్ళు కనిపించాయి. కనిపించినా కనిపించనట్టు కిందికి దిగింది.

రాట్నం కదిలింది. మొదటిసారి ముందు నుంచి పోతున్నప్పుడు గురవి "అమ్మా!" అని అరిచింది. దాని జడ గాలికి లేచింది. రెండోసారి ఒక చెయ్యి వదిలి ఊపింది. అంత పెద్ద నవ్వు ఆ మొహంలో పడుతుందని కామమ్మ ఎన్నడూ అనుకోలేదు. తనూ గట్టిగా నవ్వేసింది. పక్కనున్న ముక్కూమొహం తెలియని ఆమెను పట్టుకుని, "అది నా బిడ్డే," అని చెప్పింది.

మూడోసారి గురవి ఆమె వైపు చూడలేదు. గుర్రం మెడ కావలించుకుని మొహం దాచుకుంది. తెల్లటి గుర్రం డొక్క మీంచి పచ్చటి చార దిగి చెక్కల మీదికి కారింది. వెనక గుర్రం మీదున్న పిల్ల తల్లి కెవ్వుమని కేకేసింది. రాట్నం ఆగింది.

"చూసినావా? అందుకేనమ్మా చెప్పింది," అన్నాడు సంజీవరావు, అని జనంలో కలిసిపోయాడు. తల్లులు బిడ్డల్ని దించుకుంటున్నారు. కొందరు నవ్వారు. గురవి మాత్రం మెడ వదలదు. దిగితే అందరూ చూస్తారు.

కామమ్మ పైకెక్కింది. పట్టా విప్పి, బిడ్డను లాగి, చెంప మీద ఒక్కటిచ్చింది.

"ఆపుకుంటానంటివే!"

ఆ దెబ్బ ఎవరికి తగలాలో వాళ్ళెవరూ చేతికందేంత దగ్గర్లో లేరు. బిడ్డ ఒక్కతే అందింది. కొట్టిన చెయ్యి కొట్టినప్పుడే కాలింది కామమ్మకి. గురవి ఏడవలేదు. ఒంట్లో కన్నీళ్ళకి సరిపడా నీళ్ళు ఉంటే కదా.

"కడిగిపోవాల. నువ్వే కడిగిపోవాల," అంటూ రాట్నం వాడు నిండు బక్కెట తెచ్చి చెక్కల మీద పెట్టాడు. కామమ్మ కొంగు ముంచి గుర్రం డొక్క రుద్దసాగింది. చుట్టూ జనం నిలబడి చూస్తున్నారు. తడి పావడాతో చెక్కల మీద కూచున్న గురవి వాళ్ళెవరినీ చూడడం లేదు. బక్కెట వైపే చూస్తోంది.

"అమ్మా," అంది మెల్లిగా, "ఇంక ఇప్పుడు తాగొచ్చునా?"

కామమ్మ చెయ్యి ఆగిపోయింది. కొంగు కింద పడేసి, రెండు చేతులూ దోసిలి పట్టి బక్కెటలో ముంచి బిడ్డ నోటి దగ్గర పెట్టింది. అవి తాగే నీళ్ళు కాదని రాట్నం వాడు అరుస్తున్నాడు. గురవి తల్లి మణికట్లు గట్టిగా పట్టుకుని, ఆఖరి చుక్కదాకా తాగి, ఇంకా కావాలంది.