మూడో ఓటు

ప్రతి నెలా మొదటి శనివారం ఉదయం పది గంటలకు, ఆసుపత్రి రక్తనిధి పని మంచి ఊపు మీద ఉండగా, బాబాయి పెద్ద సర్వరు కరెంటు వైరును తన చేత్తోనే పీకేసేవాడు. ఎవరైనా గుండెలు బాదుకుంటే, "ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు. నేను వైరు పీకి చూడు అంటాను," అని నవ్వేవాడు. అరనిమిషం లోపే ఎదుటి భవనంలో ఉన్న రెండో సర్వరు పని అందుకునేది. ఏ ఫ్రిజ్‌లో ఏ గ్రూపు రక్తం ఎన్ని సంచులుందో చూపే తెర ఒక్కసారి రెప్పవేసి మళ్లీ వెలిగేది.

బాబాయి పోయి రెండు నెలలు దాటింది. మధ్యలో వచ్చిన రెండు మొదటి శనివారాలూ ఎవరూ ఆ వైరు జోలికి పోలేదు. ఈ శనివారం పీకాల్సింది చిట్టి. ఆయనకు అన్న కూతురు, ఆయన దగ్గరే పని నేర్చుకున్నది.

పరీక్ష కోరింది సూపరింటెండెంటు గారు. రెండో సర్వరు మీద ఆయన కన్ను పడి చాలా రోజులైంది.

"ఏడాదంతా ఊరికే కూర్చునే మెషీన్‌కి ఆ అల్లుడి మర్యాదలేంటమ్మా? ఎక్స్‌రే వాళ్లు ఫొటోలు దాచే చోటు చాలక గోల పెడుతున్నారు."

"ఊరికే కూర్చోలేదు సార్. మొదటిది రాసే ప్రతి అక్షరం అదీ రాసుకుంటోంది."

"సరే, నా కళ్ల ముందు చూపించు. అరనిమిషంలో తెర వస్తే నీ మాటే. రాకపోతే సోమవారం ఎక్స్‌రే వాళ్లు పట్టుకుపోతారు."

శనివారం పది కావస్తుండగా ఆయన సర్వర్ల గదిలోకి వచ్చి, ఒక్క కుర్చీ ఉంటే అందులో కూర్చున్నాడు. బాబాయి భార్య, పిన్ని, రక్తనిధిలో టెక్నీషియను. నిల్వల జాబితాను ముందుగానే కాగితం మీద అచ్చు తీసి పెట్టుకుని, బల్ల దగ్గర సహోద్యోగిని కూర్చోబెట్టి, తనూ వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది.

"పీకే ముందు ఓట్లు లెక్కపెట్టు" అనేది బాబాయి నేర్పిన మొదటి పాఠం. చిట్టి తెర మీద లెక్కపెట్టింది. మూడుండాలి. రెండే ఉన్నాయి.

ఆమె వైరు మీద నుంచి చెయ్యి తీసేసింది.

"ఏమైంది?" అన్నాడు సూపరింటెండెంటు.

"ఇప్పుడు పీకితే రెండోది లేవదు సార్."

"ఫోన్ చేసేయనా మరి ఎక్స్‌రే వాళ్లకి?"

"చేద్దురుగాని. పది నిమిషాలు ఆగండి." ఆమె గొంతులో తొట్రుపాటు లేదు. "ఈ రెండిటి మధ్య తీగ తెగిందనుకోండి. ఎదుటిది పోయిందని దేనికది అనుకుని, రెండూ రాయడం మొదలుపెడతాయి. ఒక ఒరలో రెండు కత్తులు. ఒకే రక్తం సంచిని ఇద్దరికి ఇచ్చినట్టు రాస్తాయి. అందుకే మూడో పెట్టె ఒకటుంది. దానిలో రక్తం లెక్కలేవీ ఉండవు, ఓటు మాత్రమే ఉంటుంది. మూడింట రెండు ఓట్లు ఎటుంటే అటే పెత్తనం. ఆ పెద్దమనిషి ఇప్పుడు పలకడం లేదు."

"ఎక్కడుంటాడు ఆ పెద్దమనిషి?"

"బాబాయి బల్ల కింద."

గుమ్మం దగ్గర పిన్ని కదిలింది. "నేనే ఆపానే చిట్టీ," అంది. "ఆయన కళ్లజోడు తీసుకుందామని వచ్చిన రోజు. మనిషి లేడు, ఆ చిన్న దీపం మాత్రం మిణుకుమంటూనే ఉంది. చూడలేకపోయాను. ఆయన సొంత కంప్యూటరే అనుకున్నాను."

చిట్టికి హెచ్చరికలు గుర్తొచ్చాయి. పెట్టె ఆగిందని హెచ్చరిక వెళ్లకుండా ఉండదు. రోజుకొకటి వెళ్లే ఉంటుంది, బాబాయి మెయిలుకి. దాన్ని తెరవాల్సింది తనే. తెరవడానికి చెయ్యి రాలేదు.

"నువ్వు ఆపావు, నేను చూడలేదు," అంది. "రా పిన్నీ, నువ్వే వెయ్యి."

బల్ల పక్క గదిలోనే ఉంది. పిన్ని మోకాళ్ల మీద వంగి మీట నొక్కింది. దీపం వెలిగింది. చిట్టి వెనక్కి వచ్చి లెక్కపెట్టింది. మూడు. రెండో సర్వరు మొదటిదానితో సమానంగా రాసి ఉందో లేదో కూడా చూసుకుంది. ఆ తర్వాత వైరు పీకింది.

ఫ్యాన్ల హోరు ఆగిపోయింది. సూపరింటెండెంటు గడియారం చూస్తున్నాడు. పది సెకన్లు. పదిహేను. పిన్ని కొంగు చివర వేలికి చుట్టుకుంది. పంతొమ్మిదో సెకనుకి తెర వెలిగింది. రక్తనిధి నుంచి ఫోన్: "ఓ నెగటివ్ నాలుగు సంచులు, సరిగ్గానే చూపిస్తోంది."

"అయితే ఎక్స్‌రే వాళ్ల తిట్లు నేనే తినాలన్నమాట," అంటూ ఆయన లేచాడు.

"ఒక్క నిమిషం సార్. బాబాయి చేసిన తప్పు కూడా ఒకటుంది. ఆ బల్ల ఈ భవనంలోనే ఉంది. ఆయన సర్వరు వైరు పీకి చూశాడు గానీ, భవనం మొత్తానికి కరెంటు పోతే ఏమవుతుందో చూడలేదు. ఒకేసారి రెండు ఓట్లు పోతాయి. ఆ పెట్టె మూడో చోట ఉండాలి. గేటు దగ్గరి గది ఇప్పించండి."

ఆయన ఆమె వంక కొత్తగా చూశాడు. "మీ బాబాయిలో తప్పు పట్టేదానివి నువ్వొక్కదానివే ఉన్నావు. తీసుకో."

చిట్టి తొందరపడలేదు. మొదటి సర్వరుకి వైరు పెట్టి, అది ఇంతసేపూ రాయలేకపోయినదంతా రాసుకునేదాకా ఆగింది. అప్పుడే బల్ల కింది పెట్టెను ఆపి బయటికి తీసింది. పిన్ని చేతులు చాచింది.

"బరువు పిన్నీ."

"ఇదా? ఆయన టిఫిన్ క్యారియర్ ఇంతకంటే బరువు."

గేటు గదిలో అరమీద పెట్టి వైర్లు తగిలించారు. చిట్టి ఫోన్‌లో లెక్క చూసింది. మూడు. హెచ్చరికలు వెళ్లాల్సిన చోట బాబాయి చిరునామా తీసేసి తనది రాసింది. దాని కింద ఇంకొకరికి చోటుంది.

"నాది రాయి," అంది పిన్ని. "వచ్చే నెల వైరు కూడా నేనే పీకుతాను."