నాలుగో గోరు

ఆ శుక్రవారం సాయంత్రం మిర్యాలగూడలోని ఆ ఇంట్లో ఉన్నది నలుగురం. పూజగదిలో శాంతమ్మ, పెరట్లో అంట్లు తోముతూ పనిమనిషి జంగమ్మ, హాల్లో శాంతమ్మ మనవరాలు ఎనిమిదేళ్ళ వైష్ణవి, దానికి గిటార్ నేర్పడానికి వచ్చిన నేను. వైష్ణవి అమ్మానాన్నలు సూర్యాపేటలో పెళ్ళికి వెళ్ళారు. ఆరింటికి వస్తారు.

వచ్చాక వాళ్ళ నాన్న ఉపేందర్ గారు పాట వింటారు. పాట రాకపోతే గిటార్ కోదాడలో ఉన్న మేనల్లుడు నిఖిల్‌కు పంపిస్తానని పోయినవారమే చెప్పేశారు. "ఊకె మూలకు పడి ఉండుడెందుకు?" అన్నారు.

నాకు సొంత గిటార్ లేదు. మా ఊరి బడిలో ఒక సారు నేర్పారు. పదో తరగతి అయ్యాక ఆ గిటార్ బడిలోనే ఉండిపోయింది. నిడమనూరు నుంచి ఆటోలో వారానికి మూడుసార్లు వచ్చేది వైష్ణవికి నేర్పడానికే అని అందరికీ చెబుతాను. నిజం డైరీలో మాత్రమే రాసుకున్నాను. వైష్ణవి నీళ్ళు తాగడానికి లేచినప్పుడు ఆ గిటార్ కాసేపు నా ఒళ్ళో ఉంటుంది.

పాటలో మొదటిది 'జీ' కార్డ్, కొన్ని తీగలు ఒకేసారి నొక్కిపట్టి మోగించాలి. వైష్ణవి పట్టింది. మళ్ళీ జిర్రుమంది. వేలి కొన తీగను నొక్కేలోపే దాని పొడుగాటి గోరు చెక్కకు తగిలి వేలిని పైకి లేపుతోంది. ఎర్ర రంగు వేసుకుని ముద్దుగా పెంచుకున్న గోళ్ళు. తీయించుకొమ్మని పదిరోజులుగా బతిమాలుతున్నాను. ఆ రోజు తనే ఎడమచెయ్యి చాపింది.

"తియ్యక్కా. నిఖిల్ గానికి నా గిటార్ ఇయ్య."

శుక్రవారం గోళ్ళు మా ఇంట్లో కూడా తీయరు. గడియారం చూశాను. ఐదుంబావు. బ్యాగులోంచి నెయిల్ కట్టర్ తీశాను.

"నేను కట్టర్ నొక్కినప్పుడల్లా కుడిచేత్తో తీగలు మీటు," అని దాని చెవిలో చెప్పాను.

టిక్. ఝాం.

"ఏందే ఆ గీకుడు? దేవుడు గూడ లేసి ఉరుకుతడు!" శాంతమ్మ లోపలినుంచి అరిచింది.

"ప్రాక్టీసు నానమ్మా!"

నాలుగు వేళ్ళూ అయ్యాయి. మూడు ముక్కలు కాగితంలో చుట్టాను. చిటికెనవేలి ముక్క ఎటో ఎగిరిపోయింది. కార్పెట్ తడిమాను, సోఫా కిందికి వంగాను. అంతలో పూజగదిలో గంట మోగింది. పూజ అయిపోయినట్టే.

"పట్టు," అన్నాను.

వైష్ణవి పట్టింది. ఆరు తీగలూ విడివిడిగా, శుభ్రంగా మోగాయి. తల ఎత్తితే గుమ్మంలో శాంతమ్మ.

"ఇప్పుడు మంచిగ మోగింది గద! ఇన్నిరోజులు కప్పలెక్క అరిసె."

ఊపిరి వదిలాను. కానీ వైష్ణవి సంతోషం పట్టలేక చెయ్యెత్తి చూపించింది. "గోళ్ళు తీసినంక మోగింది నానమ్మా! అక్కనే తీసింది!"

శాంతమ్మ ఆ వేళ్ళను చూసింది. తర్వాత నన్ను చూసింది.

"ఇయ్యాల ఏం వారమే పిల్లా?"

"శుక్రవారం."

"మీ ఇంట్ల తీస్తరా?"

"తియ్యరు."

"అంటే మీ ఇంటికి లక్ష్మి గావాలె. మా ఇల్లు ఇడిసి పోతే నీకు మంచిదేనా?"

కాగితం ఇచ్చాను. విప్పి వేలితో కదిపింది.

"మూడే ఉన్నయ్. ఇంకోటేది?"

"దొరకలేదమ్మా."

"జంగమ్మా, చీపురు పట్కరా!" అని కేకేసి, కాగితం తిరిగి నా చేతిలో పెట్టింది. "ఇవి నువ్వే తీస్కపో. గిటార్ ఏడికీ పోదు. పిల్లకొచ్చిందని నా కొడుక్కు నేనే చెప్త. నువ్వు మాత్రం రేపటి సంది రాకు."

నేను గడప దాటి చెప్పులు వేసుకుంటుంటే, గిటార్ ఎత్తుకుని "అక్కా!" అంటూ వైష్ణవి పరిగెత్తుకొచ్చింది. గిటార్ కడుపులో ఏదో సన్నగా గిలకలా ఆడింది. నాలుగో ముక్క ఎక్కడుందో అప్పుడు తెలిసింది.

"అమ్మా, అది..." అన్నాను.

శాంతమ్మ ఒక చేత్తో మనవరాలిని లోపలికి లాక్కుని, రెండో చేత్తో తలుపు మూసేసింది.