చెయ్యి అందినంత మేర

పళ్ళ ఆసుపత్రిలో జనం కూర్చునే గదికి ఒక పక్క గోడంతా మొక్కలే. నేలకి రెండడుగుల ఎత్తు నుంచి పైకప్పు దాకా ఎనిమిది వరసల చిన్న చిన్న కుండీలు, వాటి వెనకాల చుక్కచుక్కగా నీళ్ళు వదిలే సన్నటి గొట్టాలు. బుగ్గ వాచి వచ్చిన వాళ్ళు సైతం ఆ పచ్చదనం చూస్తూ కాసేపు మూలగడం మానేస్తారు. ఆ గోడ కట్టింది కోడలు. మొక్కల గోడలు పెట్టే కంపెనీలో ఆమె పని. వారానికోసారి వచ్చి చూసుకునేది కూడా ఆమే. రోజూ ఆ గది ఊడ్చి తుడిచేది ఆమె అత్తగారు.

అత్తగారి గురించి ఒక ముక్క చెప్పాలి. ముప్ఫై ఏళ్ళు నలుగురిళ్ళలో అంట్లు తోమిన మనిషి. నేల అద్దంలా తుడిచినా ఏ ఒక్కరూ నోరారా మెచ్చుకున్న పాపాన పోలేదు. ఇక్కడికి వచ్చాక, పనిలో మిగిలిన కాస్త టైములో పాత వాయిల్ చీర ముక్క తడిపి ఒక్కో ఆకూ తుడవడం మొదలుపెట్టింది. పన్ను పీకించుకోవడానికి వచ్చిన వాళ్ళు "అబ్బ, ఆకులు నూనె రాసినట్టు ఎలా మెరుస్తున్నాయో!" అనేసరికి పొంగిపోయింది. అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ "మా కోడలు కట్టిన గోడండీ" అని చెప్పేది. ఇంట్లో మాత్రం కూరలో ఉప్పెక్కువైందని ఆ కోడలికి రోజూ ఒక చురక తప్పదు, అది వేరే సంగతి.

రెండు నెలల కిందట ఆకులు జిగురు పట్టాయి. దుమ్మేమో అనుకుంది కోడలు. "కాస్త గట్టిగా తుడవండి అత్తయ్యా" అని చెప్పి వెళ్ళిపోయింది. అత్తగారు ఇంకా గట్టిగా తుడిచింది. ఆ మీదట ఆకులు పసుపెక్కాయి, జిగురు మీద నల్లగా మసి పట్టింది, కాడల మొదట్లో తెల్లటి దూదిపింజల్లాంటివి కనపడ్డాయి. పిండినల్లి! మొక్క రసం కడుపారా పీల్చి, తాగింది ఇముడ్చుకోలేక జిగురు కక్కే పురుగు.

పళ్ళ డాక్టరు మొహం చిట్లించాడు. "నెల చూస్తానమ్మా. తగ్గకపోతే ఇదంతా పీకించి ప్లాస్టిక్ ఆకులు పెట్టించేస్తా."

కోడలు నిచ్చెన వేసుకుని కుండీ కుండీ చూసింది. పై మూడు వరసలు కడిగిన ముత్యాల్లా ఉన్నాయి. నాలుగో వరస నుంచి కిందికంతా పురుగే. గొట్టాలు చూసింది, నీళ్ళు బాగానే వస్తున్నాయి. వెలుతురు అంతటా సమానంగానే పడుతోంది. తల గోక్కుంటూ దిగుతుంటే, కింద అత్తగారు మునివేళ్ళ మీద లేచి, చీర ముక్కతో నాలుగో వరస ఆకు అందుకుంటోంది. అంతకు మించి ఆవిడ చెయ్యి అందదు.

కోడలు నిచ్చెన మీదే ఆగిపోయింది. ఒక మొక్క మీది పురుగుని తుడిచి అదే గుడ్డతో పక్క మొక్కని తుడుస్తోంది ఈ పిచ్చితల్లి. ఎంత శ్రద్ధగా తుడిచిందో అంత శ్రద్ధగా అంటించింది. చెప్పకపోతే గోడ పోతుంది. చెబితే, ఈ వయసులో మెప్పు తెచ్చిన ఆ ఒక్క పనీ ఆవిడకి చేదైపోతుంది.

రెండ్రోజులు మాట నోట్లోనే నానింది. మూడో రోజు ఆసుపత్రి మూసే వేళకి అత్తగారే కదిపింది.

"ఏమే, మొహం అలా వేలాడేసుకున్నావు? నా కొడుకేమైనా అన్నాడా?"

"లేదత్తయ్యా. ఈ పురుగు... గాలికి వచ్చుంటుంది."

"గాలికా? మెట్లెక్కలేక నాలుగో వరస దగ్గర ఆయాసమొచ్చి ఆగిపోయిందా ఆ గాలి?"

కోడలు తలెత్తి చూసింది. అత్తగారు కుర్చీ అంచున కూర్చుని తన అరచేతులు చూసుకుంటోంది.

"నాకు నిన్ననే తెలిసిందే. నా చెయ్యి ఎక్కడ ఆగిందో అదీ అక్కడే ఆగింది. గుడ్డ చెత్తలో పారేశా. నీకెలా చెప్పాలో తెలీక నోరు కుట్టేసుకున్నా. నీ గోడ నేనే పాడుచేశాను."

"గట్టిగా తుడవమన్నదెవరు? నేను. చదువుకున్నదాన్ని, జిగురు చూసి దుమ్మనుకున్నా."

అత్తగారు ముక్కు చీది అంది: "అయితే ఇన్నేళ్ళలో మనిద్దరం పోట్లాడుకోకుండా కలిసి చేసిన పని ఇదొక్కటేనన్నమాట."

ఇద్దరికీ నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే కళ్ళు నిండాయి.

మర్నాడే పని మొదలైంది. బాగా పాడైన తొమ్మిది కుండీలు దింపి, కవర్లలో కట్టి బయటికి పంపేశారు. మిగతావాటి మీద స్పిరిట్‌లో ముంచిన దూదితో ఒక్కో పురుగునీ ఒత్తి తీశారు. ఒక కుండీకి వాడిన దూది ఇంకో కుండీకి వాడకూడదు. చేతులు కడుక్కోకుండా పక్క మొక్కని ముట్టుకోకూడదు. ఆఖర్న వేపనూనె కలిపిన సబ్బునీళ్ళు ఆకుల అడుగు దాకా చల్లారు. గుడ్లు పగిలి మళ్ళీ పిల్లలొస్తాయి కనక, వారం తిరిగేసరికి మళ్ళీ మొదటి నుంచీ. "దీని సంతానం తగలెయ్య!" అని తిడుతూనే, అత్తగారు కళ్ళజోడు ముక్కు మీదికి లాక్కుని ఒక్క కాడ వదలకుండా వెతికేది.

నెలాఖరుకి డాక్టరు వచ్చాడు. పళ్ళు చూసే దీపం నుదుటికి కట్టుకుని, "ఏదీ, నోళ్ళు తెరవండి" అంటూ ఆకులు విడదీసి చూశాడు.

"ఒక్కటీ లేదే!" అన్నాడు చివరికి.

"ఉంది బాబూ" అంది అత్తగారు.

కోడలు ఆవిడ కొంగు పట్టి లాగింది. "అత్తయ్యా!" అని గొణిగింది.

"ఉన్నదాన్ని లేదంటే ఊరుకుంటుందా? రేపటికి చుట్టాలందర్నీ పిలుచుకుంటుంది. అదిగో, ఆరో వరసలో, ఆ కాడ వెనకాల."

డాక్టరు వంగి చూశాడు. ఆవగింజలో సగం లేదు ఆ తెల్ల చుక్క. నుదుటి దీపం తీసి చేత్తో పట్టుకున్నాడు. "నాకే కనపళ్ళేదు! ఈ కళ్ళు ఇక్కడుండగా ప్లాస్టిక్ ఎందుకమ్మా? గోడ ఉంచండి."

కోడలు గబుక్కున అత్తగారి భుజం పట్టుకుంది. ఆవిడ కొంచెం బిడియపడింది గానీ ఆ చెయ్యి తీసెయ్యలేదు.

"సరేలే, ముందు కొత్త దూది అందుకోవే" అంది. "అది ఇంకో ఆకు మీదికి పాకేలోపు."